నడిసంద్రానికి లస్కరు ఎవరు?

ఫిబ్రవరిలో ఒక ఆదివారం మా అక్క పిల్లలిద్దర్నీ తీసుకుని సూర్యలంక వెళ్లాను. పొద్దున్నే బెజవాడలో రైలెక్కి బాపట్లలో దిగాం, అక్కణ్నుంచి ఆటో. స్నానాలు చేసేవాళ్ల రద్దీ ఎందుకని, పడవలు ఒడ్డుకు లాగి పెట్టిన వైపు నడిచాం. అక్కడ తడి ఇసుకలో ఒక తాబేలు పడి ఉంది.

పిల్లలు ముందు రాయి అనుకున్నారు. దగ్గరికెళ్లాక తెలిసింది. రెండడుగుల పైనే పొడవుంది. పెంకు ముదురాకుపచ్చ మీద బూడిద రాసినట్టుంది. తెడ్లలాంటి ముందుకాళ్లు రెండూ వెనక్కి వాలిపోయాయి. కళ్లు కాకులు పొడుచుకుపోయాయి. మెడ ఉబ్బింది. అంత పెద్ద ఒంటి మీద ఎక్కడా గాయం లేదు, గీత లేదు. అది చూసి నాకు కడుపులో దేవినట్టయింది.

"ఎవరు చంపారు మావయ్యా?" అని చిన్నది అడిగింది.

పడవ నీడలో కూర్చుని వల బాగుచేసుకుంటున్న పెద్దాయన తలెత్తకుండానే జవాబు చెప్పాడు. "ఎవరూ కొట్టలా పాపా. వల్లో ఇరుక్కుని పైకి రాలేక, ఊపిరాడక పోయింది. తాబేలు చేప కాదు గదా, గాలి కోసం పైకి రావాల్సిందే." తర్వాత నావైపు చూసి, "మా వల్లో పడితే తెలిసిపోద్ది సార్, బరువుగా గుంజుద్ది. వల కోసి వదిలేస్తాం. కూర్మావతారం గదా, దాన్ని చంపుకుంటామా. పెద్ద బోట్లు గంటలకి గంటలు ఈడ్చుకుపోతాయి. పైకెత్తేదాకా లోపల ఏముందో ఎవరు చూశారు?" అన్నాడు.

వల కోస్తే నీకు నష్టం కదా బాబాయ్ అన్నాను. "రెండ్రోజుల పని పోద్ది" అన్నాడు. ఆ రెండ్రోజుల పనిని ఆయన ఎవరి లెక్కలోనూ రాయించుకోలేదు, ఎవరి దగ్గరా పరిహారం అడగలేదు.

నేను లాయర్ని కాను. బెజవాడలో ఒక ఆడిటింగ్ ఆఫీసులో పని చేస్తాను. మా క్లయింట్లలో ఆక్వావాళ్లు ఎక్కువ. ఏ రొయ్య ఏ దేశం పోతుందో, అక్కడివాళ్లు ఏ కాగితం అడుగుతారో నాకు రోజూ కనపడే సంగతి. ఆ కాగితాల వెంబడే సముద్ర చట్టాలు చదవడం అలవాటైంది. ఇన్నాళ్లూ అవి నాకు ఆఫీసు పనే. ఆ తాబేలు పక్కన నిలబడ్డాక అలా లేదు. "ఎవరు చంపారు" అన్న పిల్ల ప్రశ్న కింద ఇంకో ప్రశ్న ఉంది. అసలిది ఎవరిది? దీని మంచిచెడ్డలు ఎవరు చూడాలి? ఏ దేశానిదీ కాని సముద్రాన్ని కాపాడటానికి ప్రపంచ దేశాలు కొత్తగా ఒక ఒప్పందం రాసుకున్నాయి. అందులో దీనికి జవాబు ఎంతవరకు ఉందో చూద్దామనే ఈ రాత.

ఆలివ్ రిడ్లీ జాతి తాబేళ్లు ఏటా చలికాలం చివర్లో గుడ్లు పెట్టడానికి మన తీరానికి వస్తాయి. ఒక్కో గూట్లో వందకి అటూ ఇటూగా గుడ్లు. నెలన్నర, రెండు నెలల్లో పిల్లలు బయటికొస్తాయి. ఇసుక వేడిని బట్టి పిల్ల ఆడదో మగదో తేలుతుంది. ఇసుకలోంచి బయటపడిన ఆ అరచేతి పిల్ల సముద్రంలోకి వెళ్లిపోయాక మళ్లీ ఎక్కడ తేలుతుందో ఎవరూ ముందుగా చెప్పలేరు. 2021లో ఒడిశా తీరంలో ట్యాగు వేసిన తాబేలు ఒకటి 2025 జనవరిలో మహారాష్ట్రలోని గుహాగర్ ఒడ్డున గుడ్లు పెడుతూ కనిపించింది. తూర్పు తీరంలో ఉండేవి తూర్పునే ఉంటాయని అనుకున్నవాళ్లందరికీ అది కొత్త పాఠం.

మనం సముద్రం మీద గీసుకున్న గీతలేవీ దానికి పట్టవు. మొదటి గీత మన రాష్ట్రానిదే. 1994 నాటి సముద్ర చేపల వేట నియంత్రణ చట్టం ప్రకారం ఒడ్డు నుంచి 8 కిలోమీటర్ల వరకు తెప్పలు, చిన్న పడవలవాళ్లది. మరబోట్లు దాని అవతలే వేటాడాలి. రెండో గీత 12 నాటికల్ మైళ్ల దగ్గర. అంటే 22 కిలోమీటర్లు, మనకు బెజవాడ నుంచి గన్నవరం వెళ్లినంత దూరం. అక్కడిదాకా సముద్రం మన నేలతో సమానం. మూడోది 200 నాటికల్ మైళ్లు, 370 కిలోమీటర్లు. ఇంచుమించు బెజవాడ నుంచి విశాఖపట్నం దూరం. అక్కడిదాకా చేప మీద, చమురు మీద హక్కు మన దేశానిది. ఆ గీత దాటితే ఇక ఏ దేశానిదీ కాదు, అదే నడిసంద్రం.

ఆ చోటు ఎక్కడో అట్లాంటిక్‌లోనే ఉంటుందనుకోవద్దు. మన బంగాళాఖాతం నడుమ, మన తీరానికీ అండమాన్‌కీ మధ్య కూడా అలాంటి నీళ్లున్నాయి. ప్రపంచం మొత్తం మీద సముద్రంలో మూడింట రెండు వంతులు ఆ గీతల అవతలే ఉంది. భూగోళం పైభాగంలో దాదాపు సగం. అందులో గట్టి రక్షణ ఉన్నది ఒక్క శాతం దగ్గరే. మన నీళ్లలో ఉన్నంతసేపూ ఆ తాబేలు 1972 వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూలులో ఉంటుంది, పులితో సమానం. గీత దాటిన క్షణం నుంచి దాని ప్రాణం పక్కనుంచి పోతున్న ఓడ ఏ జెండా కట్టుకుందన్న దాన్ని బట్టి ఉంటుంది.

ఎవరిదీ కాని చోటు అంటే ఏమిటో మనకు ఒకరు చెప్పక్కర్లేదు. పోరంబోకు. ముందొచ్చినవాడు ముళ్లకంప వేసుకుంటాడు, తర్వాత వచ్చినవాడు దాని పక్కన ఇంకో కంప వేస్తాడు. కానీ నాకు ఎక్కువ గుర్తొచ్చేది పోరంబోకు కాదు, కాలవ.

మాది కొమ్మమూరు కాలవ చివరి భూముల ఊరు. కృష్ణా పశ్చిమ డెల్టాలో ఆ చివర్న రెండెకరాలుంటే నీళ్ల కోసం ఎన్ని రాత్రులు మేలుకోవాలో ఉన్నవాళ్లకే తెలుసు. వంతుల వారీగా నీళ్లివ్వాలన్న రూలు అప్పుడూ ఉంది. ఎగువన తూములు పగలగొట్టకూడదు, ఇంజన్లు పెట్టి తోడకూడదు, అన్నీ ఉన్నాయి. మా నాన్న రాత్రి పదింటికి టార్చిలైటు పట్టుకుని కాలవ గట్టున వెళ్తుంటే వెనకాలే నేనూ వెళ్లేవాణ్ని. మా లస్కరు, అంటే కాలవ షట్టర్లు చూసుకునే ఉద్యోగి, సైకిలు మీద వచ్చేవాడు, వెనక క్యారేజీకి షట్టరు తిప్పే ఇనప హ్యాండిలు కట్టుకుని. మనిషి సన్నగా ఉండేవాడు గానీ ఆయన గట్టు మీద కనిపిస్తే ఎగువ ఊళ్లో ఇంజన్లు ఆగిపోయేవి. ఆయన ఉన్నన్నాళ్లూ మా మడికి ఆలస్యంగానైనా నీళ్లొచ్చాయి. ఆయన రిటైరయ్యాక రెండేళ్లు ఆ పోస్టులో ఎవర్నీ వెయ్యలేదు. ఆ రెండేళ్లూ మా నారుమడి ఎండింది. రూలు అప్పుడూ అదే, ఇప్పుడూ అదే. మారింది షట్టరు దగ్గర మనిషి.

సముద్ర చట్టం గురించి ఏది చదివినా ముందు ఆ సైకిలు కోసం వెతుకుతాను.

సముద్రం అందరిదీ, ఎవరైనా తిరగొచ్చు, ఎవరైనా పట్టుకోవచ్చు అన్న సూత్రానికి నాలుగు వందల ఏళ్ల పైన వయసుంది. 1609లో హ్యూగో గ్రోషియస్ అనే డచ్చి న్యాయవాది దాన్ని గట్టిగా వాదించాడు. తూర్పు సముద్రాలు మావేనని పోర్చుగీసువాళ్లు అడ్డం నిలబడితే, కాదు అని డచ్చి ఈస్టిండియా కంపెనీకి అండగా చేసిన వాదన అది. ఆ రోజుల్లోనే ఆ కంపెనీ మన బందరులో వర్తకం మొదలుపెట్టింది. అంటే ఆ సూత్రాన్ని వాదించింది బందరు అద్దకం బట్టలు కూడా మోసే వర్తకపు ఓడలకు దారి కావాలని. తెరచాపల కాలం, నూలు వలల కాలం. వర్తకుడి దారి కోసం పుట్టిన మాట, తర్వాత్తర్వాత మైళ్ల పొడవు నైలాను వలలకూ లైసెన్సు అయిపోయింది. నేను స్వేచ్ఛకు వ్యతిరేకిని కాను. కానీ ఆ స్వేచ్ఛ ఎవరి కోసం రాసిందో మర్చిపోకూడదు.

ఆ స్వేచ్ఛ ఏం చేసిందో చెప్పడానికి బేరింగ్ సముద్రం ఒక్కటి చాలు. అమెరికా, రష్యా చెరో 200 మైళ్లు గీసుకున్నాక మధ్యలో గారెకి చిల్లులా ఎవరికీ చెందని ముక్క ఒకటి మిగిలింది. అక్కడ పొలాక్ అనే చేప ఉండేది. జపాన్, కొరియా, పోలెండ్, చైనా, సోవియట్ ఓడలు ఆ చిల్లులో దిగాయి. 1989లో దాదాపు 14 లక్షల టన్నులు పట్టారు. 1992కి పదివేల టన్నుల దగ్గరికి పడిపోయింది. అప్పుడు అందరూ కూర్చుని 1993 నుంచి వేట ఆపారు, 1994లో ఒప్పందం రాసుకున్నారు. మంచి ఒప్పందమే. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టయింది. ముప్పై ఏళ్లు దాటినా ఆ ముక్కలో మళ్లీ వేటకు సరిపడా చేప రాలేదు.

దీనికి ఎదురు ఉదాహరణ కూడా ఉంది, అందుకే నేను నిరాశ పడను. ఆర్కిటిక్ నడిబొడ్డున మంచు కరిగి కొత్త నీళ్లు తేలుతుంటే, అక్కడ ఇంకా వాణిజ్య వేట మొదలవక ముందే, 2018లో తొమ్మిది దేశాలూ యూరోపియన్ యూనియనూ కలిసి సంతకాలు పెట్టాయి. శాస్త్రవేత్తలు చేపల లెక్క తేల్చేదాకా, ముందుగా 16 ఏళ్లపాటు, అక్కడ వల వెయ్యకూడదు. 2021లో అది అమల్లోకి వచ్చింది. ముందే చట్టం చేయడం సాధ్యమే అనడానికి ఇంతకంటే రుజువేం కావాలి?

సరే, చట్టం ఉంది. మరి లస్కరు?

2014 డిసెంబరులో అంటార్కిటికా దగ్గరి సముద్రంలో థండర్ అనే ఓడ దొంగతనంగా టూత్‌ఫిష్ అనే చేపను పడుతూ కనిపించింది. అక్కడ ఆ రకం వలలు నిషేధం. ఇంటర్‌పోల్ దాని కోసం అప్పటికే హెచ్చరిక జారీ చేసింది. దాన్ని పట్టుకోవడానికి ఏ దేశపు నౌకాదళమూ రాలేదు. సీ షెపర్డ్ అనే స్వచ్ఛంద సంస్థ ఓడ వెంటపడింది. ఆ సంస్థదే ఇంకో ఓడ వెనక ఉండిపోయి, థండర్ వదిలేసిన వలల్ని నీళ్లలోంచి లాగింది. 72 కిలోమీటర్ల వల! బెజవాడ నుంచి బందరు దాకా పరిచినా ఇంకా మిగులుతుంది. వెంటాట 110 రోజులు సాగింది. వెంటాడేవాళ్లకు ఆ ఓడ ఎక్కి సోదా చేసే అధికారం లేదు. నడిసంద్రంలో ఓడ మీద అధికారం దాని జెండా దేశానిది. ఆ జెండా ఇచ్చిన నైజీరియా మధ్యలోనే దాన్ని జాబితాలోంచి కొట్టేసింది. చివరికి 2015 ఏప్రిల్‌లో సావో టోమే ప్రిన్సిపే అనే చిన్న ద్వీప దేశపు నీళ్లలో థండర్ మునిగింది. దానిలోని 40 మందినీ ప్రాణాలతో ఎక్కించుకున్నది వెంటాడిన ఓడలే. ఆ చిన్న దేశమే కేసు నడిపింది. కెప్టెన్‌కీ మరో ఇద్దరికీ జైలు, ఒకటిన్నర కోట్ల యూరోలకు పైగా జరిమానా.

నేను దీన్ని చాలాసార్లు చదివాను. ప్రతిసారీ నాకు కనిపించేది ఒకటే. అన్ని వేల కిలోమీటర్ల నీళ్ల మీద పని చెయ్యని చట్టం, ఒక దేశపు నీళ్లలోకి రాగానే పని చేసింది. దొంగ చేప ఎంత దూరాన పట్టినా ఒక రేవులో దిగాలి, ఒక కాగితం మీద పేరు మారాలి, ఒక మార్కెట్‌లో అమ్ముడవ్వాలి. నడిసంద్రంలో షట్టరు ఉండదు. షట్టరు రేవులో ఉంటుంది.

ఇప్పుడు ముందు చెప్పిన ఆ కొత్త ఒప్పందం సంగతి. ఇంగ్లిషులో హై సీస్ ట్రీటీ అంటారు. 1982 నాటి ఐక్యరాజ్యసమితి సముద్ర న్యాయ ఒడంబడిక, సముద్రాన్ని కాపాడటం అన్ని దేశాల బాధ్యత అని రాసింది. ఎలా కాపాడాలో, ఎవరు అడగాలో రాయలేదు. ఆ ఖాళీ పూరించడానికి రెండు దశాబ్దాల దాకా పట్టింది. 2023 మార్చి 4న న్యూయార్క్‌లో, రాత్రింబవళ్లు సాగిన చర్చల తర్వాత, సభాధ్యక్షురాలు సింగపూర్‌కు చెందిన రీనా లీ "ఓడ ఒడ్డుకు చేరింది" అని ప్రకటించారు. ఆ జూన్‌లో ఒప్పందం ఆమోదం పొందింది. 60 దేశాలు ధ్రువీకరిస్తే అమల్లోకి రావాలని షరతు. 2025 సెప్టెంబరులో ఆ అంకె పూర్తయింది, 2026 జనవరి 17 నుంచి అది చట్టం.

అందులో నాకు ముఖ్యమనిపించింది రెండు సంగతులు. ఒకటి, నడిసంద్రంలో రక్షిత ప్రాంతాలు ప్రకటించే దారి ఇప్పటిదాకా ప్రపంచం మొత్తానికీ కలిపి లేదు, ఇప్పుడు వచ్చింది. పైగా అందరూ ఒప్పుకుంటేనే అన్న పీటముడి లేదు. ఏకాభిప్రాయం కుదరకపోతే నాలుగింట మూడు వంతుల ఓట్లతో నిర్ణయం చెయ్యొచ్చు. ఒక్క దేశం మొండికేస్తే మొత్తం ఆగిపోయే సభలు ఎన్ని చూశామో తెలిసినవాళ్లకు ఆ వాక్యం విలువ తెలుస్తుంది. రెండోది, పెద్ద పని ఏదైనా మొదలెట్టేముందు పర్యావరణ ప్రభావ అంచనా వేసి బయటపెట్టాలి.

లోపాలూ అంతే స్పష్టంగా చెప్పాలి. అంచనా వేశాక పని చెయ్యాలా వద్దా అన్న నిర్ణయం ఆ దేశం చేతిలోనే ఉంది. చేపల వేట సంగతి వచ్చేసరికి పాత ప్రాంతీయ సంస్థల అధికారానికి భంగం కలగకూడదన్నారు. మన వైపు ట్యూనాకి సీషెల్స్ కేంద్రంగా ఉన్న హిందూ మహాసముద్ర ట్యూనా కమిషన్ ఉంది, అందులో మన దేశమూ సభ్యురాలే. అక్కడ కోటాల దగ్గర పేచీ వస్తే కొత్త ఒప్పందం పక్కన నిలబడి చూడాల్సిందే. అమలు చూడటానికి ఒక కమిటీ ఉంది, అది సలహా ఇచ్చేదే గానీ శిక్ష వేసేది కాదు. సైకిలూ లేదు, హ్యాండిలూ లేదు.

అయినా నేను ఈ ఒప్పందం పక్షమే. మన దేశం 2024 సెప్టెంబరులో దీని మీద సంతకం పెట్టింది. సంతకం అంటే తాంబూలాలు, ధ్రువీకరణ అంటే తాళి. దీన్ని అమల్లోకి తెచ్చిన మొదటి 60 దేశాల్లో మనం లేము. పదకొండు వేల కిలోమీటర్లకు పైగా తీరం, అన్ని లక్షల మత్స్యకార కుటుంబాలు ఉన్న దేశం ఆ వరసలో ముందుండాల్సింది.

మా ఆఫీసులో ఈ మాట అంటే నాకు ఎదురొచ్చే వాదనలు ఉన్నాయి. తేలిగ్గా తీసిపారేసేవి కావు.

మొదటిది, పెద్ద దేశాలు దోచుకున్నంత దోచుకుని ఇప్పుడు మనకు నీతులు చెబుతున్నాయని. నిజముంది. 2018లో వచ్చిన ఒక అధ్యయనం సముద్ర జీవుల జన్యువుల మీద తీసుకున్న పేటెంట్లు లెక్కేసింది. అందులో 98 శాతం పది దేశాలవాళ్లవే. దాదాపు సగం ఒకే ఒక్క బహుళజాతి కంపెనీ చేతిలో ఉన్నాయి. ఎవరిదీ కాని నీళ్లలోని ప్రాణికి కాగితం మీద యజమాని పుట్టుకొచ్చాడు. కానీ ఆ దోపిడీని ఆపమని అడిగే మొదటి చట్టం ఇదే కదా. నడిసంద్రపు జన్యు వనరుల నుంచి వచ్చే లాభంలో డబ్బు రూపంలో కూడా అందరికీ వాటా ఇవ్వాలని ఇందులో రాయించింది మనలాంటి దేశాలే. మన వాటా కోసం మనవాళ్లు కొట్లాడి రాయించిన కాగితం అది. దాన్ని పక్కన పెడితే నష్టం ఎవరికి?

రెండోది, సముద్రం అడుగున మన తవ్వకాలకు ఇది అడ్డొస్తుందని. ఇది నన్నూ ఇబ్బంది పెట్టేదే. మన దేశానికి హిందూ మహాసముద్రం మధ్యలో 75,000 చదరపు కిలోమీటర్ల అడుగున ఖనిజపు గడ్డలు వెతుక్కునే ఒప్పందం ఉంది. 2021లో 4,077 కోట్లతో డీప్ ఓషన్ మిషన్ మొదలైంది. సముద్రగర్భ గనుల వ్యవహారం జమైకాలో ఉండే వేరే సంస్థ చూస్తుంది. బ్యాటరీలకు నికెలూ కోబాల్టూ కావాలి, ఒప్పుకుంటాను. కానీ ఆ గడ్డ ఒకటి మిల్లీమీటరు కొద్దీ పెరగడానికి లక్షల ఏళ్లు పడుతుంది, దాని మీదే బతికే జీవులున్నాయి. ఒకసారి పెకలిస్తే మన మునిమనవళ్లు కూడా అది మళ్లీ ఏర్పడటం చూడరు. అందుకే, ప్రపంచాన్ని అంచనా వెయ్యమని అడిగే ముందు మన తవ్వకం ప్రభావం మనం వేసి, ఇంగ్లిషులోనే కాదు తెలుగులో కూడా పెట్టాలి. తీరం మీద బతికేవాడు చదవగలగాలి.

మూడోది, పేద మత్స్యకారుడి పొట్ట కొడతారని. ఇది చెప్పేవాళ్లు తరచుగా మత్స్యకారులు కారు. తెప్ప మీద పది కిలోమీటర్లు వెళ్లి వచ్చే మనిషికి 370 కిలోమీటర్ల అవతలి ఒప్పందం ఏ అడ్డూ కాదు. అక్కడ పెరిగి ఇక్కడికి వచ్చే చేప మీద బతికేవాడు కాబట్టి మేలే ఎక్కువ. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, చేప గుడ్లు పెట్టే కాలమని మన తూర్పు తీరం మరబోట్లు వేట మానుకుంటాయి. సరంగు నుంచి కళాసీ దాకా అందరి ఇంట్లో ఆ రెండు నెలలూ అప్పే. వాళ్లు ఇక్కడ అంత త్యాగం చేస్తుంటే, నడిసంద్రంలో పరాయి జెండా ఓడ ఏడాది పొడవునా చెయ్యి అడ్డు లేకుండా పట్టుకుపోతే అది ఏం న్యాయం? పైగా 2025 కేంద్ర బడ్జెట్‌లో మన బోట్లనీ నడిసంద్రపు చేపల కోసం పంపుతామన్నారు. వెళ్లాలి, మనకూ హక్కుంది. వెళ్లేముందు ధ్రువీకరించి వెళ్లాలి.

ఇక నా వృత్తికి దగ్గరి సంగతి, నన్ను అన్నిటికంటే గట్టిగా పట్టుకున్నది.

రొయ్యల వలల్లో తాబేళ్లు చస్తున్నాయని అమెరికా 1989లో ఒక చట్టం చేసింది. వలలో తాబేలు తప్పించుకునే పరికరం పెట్టని దేశాల రొయ్య కొనము అంది. వల గొంతులో వాలుగా ఒక ఇనప చట్రం. రొయ్య కమ్మీల సందుల్లోంచి వెనక్కి పోతుంది, తాబేలు కమ్మీలకు తగిలి పైనున్న తలుపులోంచి బయటపడుతుంది. 1996 నుంచి ఆ చట్టాన్ని మనలాంటి దేశాల మీద కూడా పెట్టేసరికి భారత్, మలేషియా, పాకిస్తాన్, థాయ్‌లాండ్ కలిసి ప్రపంచ వాణిజ్య సంస్థలో కేసు వేశాయి. 1998 అక్టోబరులో అప్పీలు తీర్పు వచ్చింది. తాబేళ్లను కాపాడాలన్న ఉద్దేశం సబబే అంది. కానీ ఒక ప్రాంతపు దేశాలతో కూర్చుని మాట్లాడి, మిగతావాళ్ల మీద ఏకపక్షంగా రుద్దడం తప్పు అంది. మనం గెలిచాం.

ఆ కేసులో మనం వాదించిందేమిటి? తాబేలు అందరిదీ, దాని రక్షణకు రూలు కూడా అందరూ కలిసి రాయాలి, ఒక పెద్ద దేశం తన బజారు తలుపు వేసి శాసించకూడదు. ఆ వాదన సరైనదని నేను ఇవాళ్టికీ నమ్ముతాను. అయితే ఆ మాట అన్నందుకు మనకు ఒక బాకీ మిగిలింది. అందరూ కలిసి రాసిన రూలు ఇప్పుడు బల్ల మీద ఉంది. ఏకపక్షం వద్దన్నవాళ్లం అందరి పక్షంలో ముందు నిలబడాలి. లేకపోతే ఆ రోజు తాబేలు పేరు చెప్పి రొయ్య కోసమే కొట్లాడామని ఎవరైనా అంటే మన దగ్గర జవాబు ఉండదు.

ఒక మాట దాచకూడదు. సూర్యలంకలో మేం చూసిన తాబేలు చచ్చింది నడిసంద్రంలో కాదు. దాదాపు కచ్చితంగా మన నీళ్లలో, మన బోటు వలలో. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ మన వలలకు తగ్గట్టు ఆ ఇనప చట్రాన్ని ఎప్పుడో తయారు చేసి ఇచ్చింది. అది పెడితే తాబేలుతోపాటు కొంత చేప కూడా జారిపోతుందని బోటు యజమానుల భయం. ఆ భయానికి కారణం ఉంది, డీజిలు ఖర్చు లెక్కలు నేనూ చూస్తున్నాను. ఆ జారిపోయే చేప విలువ ప్రభుత్వం భరించాలి. భరించి, ఆ తర్వాత ప్రతి మరబోటు వలలోనూ చట్రం ఉందో లేదో జెట్టీ దగ్గర చూడాలి. రాష్ట్ర చట్టం, కేంద్ర చట్టం, అంతర్జాతీయ ఒప్పందం మూడూ వచ్చి ఆగేది ఆ జెట్టీ మీదే.

నిజాంపట్నం హార్బరు ఉంది. విశాఖ హార్బరు ఉంది. బందరులో కొత్త పోర్టు కడుతున్నారు. దొంగ చేప దిగకుండా రేవుల్లోనే తనిఖీ చెయ్యాలన్న ప్రపంచ ఒప్పందం 2009లో రాసి 2016లో అమల్లోకి వచ్చింది. పొరుగున శ్రీలంక, బంగ్లాదేశ్ అందులో ఉన్నాయి. ఆ తనిఖీ మన ప్రతి రేవులో రోజువారీ పని కావాలి. ఏ ఓడ, ఏ జెండా, ఎక్కడ పట్టింది, ఏ వలతో పట్టింది, ఓడ ఎక్కడుందో చెప్పే ట్రాన్స్‌పాండరు ఎన్ని రోజులు ఆపేసింది. ఈ ఐదు ప్రశ్నలు అడిగి రాసుకునే మనిషి ఒకడు, ఆ రాత మీద సంతకం, ఆ సంతకాన్ని నమ్మి ఓడని ఆపగల అధికారం. లెక్కలు చూసే ఉద్యోగంలో ఇరవై ఏళ్లుగా ఉన్నాను. సరుకు తూకానికీ బిల్లుకీ పొంతన లేనప్పుడు దొరికేది దిగుమతి దగ్గరే, దారి మధ్యలో కాదు.

ఈ రెండు కోరికలతో, ఒప్పందాన్ని ధ్రువీకరించమని ఒకటి, రేవుల్లో మనుషుల్ని పెట్టమని ఒకటి, మా ఎంపీకి ఉత్తరం రాశాను. తెలుగులోనే రాశాను. మీరూ రాయండి. బాపట్ల, బందరు, నర్సాపురం, కాకినాడ, ఎవరి ఎంపీకి వాళ్లు.

ఆ ఆదివారం మధ్యాహ్నం దాకా మేం అక్కడే ఉన్నాం. కుక్కలు పీక్కుతింటాయని పెద్దాయన వల పక్కన పెట్టి లేచాడు. అలల గీతకు బాగా ఎగువన తెడ్డుతో గుంట తవ్వాడు, మట్టి నేను చేత్తో తోశాను. నలుగురం కలిసి ఈడ్చాం, అనుకున్నదానికంటే చాలా బరువుంది. గుంటలో దించేముందు ఆయన దాన్ని పక్కకి ఒరిగించి పెంకు అంచున అంటుకుని ఉన్న తెల్లటి చిన్న చిన్న గుల్లల్ని వేలితో తడిమాడు. పిల్లల్ని దగ్గరికి పిలిచి చూపించాడు.

"ఇయి ఒడ్డున తిరిగేవాటికి ఇన్ని పట్టవు. ఇది చాలా లోతు నీళ్లు తిరిగొచ్చింది" అన్నాడు. "గుడ్లు పెట్టాలని ఇంత దూరం వచ్చింది."

చిన్నది ఒక గుల్ల ఊడదీసుకుని తన దగ్గర పెట్టుకుంటానంది. ఆయన వద్దని తల ఊపి, దాని చెయ్యి పట్టుకుని మొదటి దోసెడు ఇసుక దానిచేతే వేయించాడు.